పోలి చూడని కాలువ

పోయిన కార్తీకంలో మా కుటుంబమంతా లొల్ల లాకుల దగ్గర వనభోజనాలు పెట్టుకున్నాం. బొబ్బర్లంక దగ్గర గోదావరి నుంచి బయల్దేరిన మధ్య డెల్టా ప్రధాన కాలువ, ఆత్రేయపురం మండలంలోని లొల్ల దగ్గర పాయలుగా చీలి కోనసీమలోకి వెళ్తుంది. పాత రాతి కట్టడం, తలుపుల కింద నుంచి నురగలతో దూకే నీళ్లు, గట్టు మీద చెట్ల నీడ. ఎన్నో సినిమాల్లో చూసిన చోటే. రెండు వ్యాన్లలో ఇరవై నాలుగు మందిమి వెళ్లాం. గ్యాస్ పొయ్యి, సిలిండరు, గుండిగలు, కత్తిపీటలు, అరిటాకుల కట్ట అన్నీ వెంట వచ్చాయి. మగవాళ్లు దుప్పట్లు పరుచుకుని పేకాట వేశారు. పిల్లలు లాకుల మీద పరుగులు పెట్టారు. మధ్యాహ్నం చెట్టు కింద పంక్తి భోజనాలు. తర్వాత ఫోటోలు.

ఇంటికొచ్చాక ఆ ఫోటోలు చూసుకుంటుంటే మొత్తం పదిహేనింటిలో ఒక్కదాంట్లోనే అమ్మ కనిపించింది. అందులోనూ ముందు వరసలో లేదు. వెనక ఎక్కడో కాలువ మెట్ల మీద వంగి గుండిగ తోముతోంది. ఆ ఫోటో తీసింది నేనే. తీసేటప్పుడు నాకు అమ్మ కనపడలేదు.

"నీకెలా అనిపించిందమ్మా ఆ రోజు?" అని అడిగాను. "బాగానే ఉంది. నీళ్లు దగ్గరే కదా, మోసుకొచ్చే పని లేదు" అంది. మేమంతా చూసి వచ్చింది ఒక అందమైన చోటు. అమ్మ చూసి వచ్చింది ఒక పెద్ద కొళాయి. ఈ రెండు చూపులకీ మధ్య ఉన్న దూరం నన్ను చాలా రోజులు వదల్లేదు. కుటుంబం విహారానికి వెళ్లినప్పుడు విహరించేది ఎవరు? కాలువ గట్టు మీద తీరిగ్గా కూర్చునే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నలతోనే కాలువ చరిత్ర వైపు వెళ్లాను.

మనకు దొరికే కాలువ చరిత్ర ఆర్థర్ కాటన్ చరిత్ర. 1832-33 కరువు, 1839 తుఫాను ఈ ప్రాంతాన్ని ఛిద్రం చేశాక, కాటన్ ప్రతిపాదన మీద 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలువలు తవ్వారు. కాటన్ దృష్టిలో కాలువంటే పొలానికి నీరు మాత్రమే కాదు, పడవకి దారి కూడా. దేశానికి రైళ్లకన్నా జలమార్గాలే మేలని చివరిదాకా వాదించినవాడాయన. అందుకే డెల్టా కాలువల మీద లాకులు కట్టారు. ఎగువ నీటిమట్టానికీ దిగువ మట్టానికీ తేడా ఉన్నచోట పడవని రెండు తలుపుల మధ్య గదిలోకి పంపి, నీళ్లు నింపి గానీ వదిలి గానీ, పైకి లేపేవాళ్లు, కిందికి దించేవాళ్లు. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన తెరుచుకున్నాక కూడా, బస్సులూ లారీలూ వచ్చేదాకా, డెల్టా పల్లెలకి కాలువే రహదారి. ధాన్యం, కొబ్బరికాయలు, ఉప్పు, పెళ్లివారు, బాలింతలు అందరూ పడవల మీదే నడిచారు.

ఈ చరిత్రకి విగ్రహాలున్నాయి. డెల్టాలో ఎన్నో ఊళ్ల కూడళ్లలో కాటన్ నిలబడి, లేదా గుర్రమెక్కి కనిపిస్తాడు. ధవళేశ్వరంలో ఆయన పేరుతో మ్యూజియం ఉంది. జార్జ్ వాల్ష్ అనే ఇంజనీరు 1896లో గోదావరి డెల్టా నిర్మాణాల మీద ప్రచురించిన గ్రంథం కూడా ఉంది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించిన పాత అక్విడెక్టుకి 49 కమానులు. కొలతలు, ఖర్చులు, కమానుల వెడల్పులు అన్నీ చరిత్రకెక్కాయి. తవ్విన మనుషులు మాత్రం 'కూలీలు' అన్న ఒక్క మాటలో ఒదిగిపోయారు. ఇంగ్లీషు రాతల్లో ఆ మాటకి లింగం కూడా లేదు. మట్టిపని ఎలా జరుగుతుందో మనకు తెలుసు. పలుగు, పార పట్టేది మగవాడు. తట్టకెత్తిన మట్టిని నెత్తిన పెట్టుకుని గట్టెక్కేది ఆడది. కాలువ గట్టు అంటేనే ఆడవాళ్ల నెత్తి మీంచి దిగిన మట్టి. ఒడ్డెర, ఉప్పర కులాల స్త్రీలు, మాల మాదిగ స్త్రీలు తరతరాలుగా మోసిన మట్టి మీద మనం దుప్పట్లు పరుచుకుంటున్నాం.

ఆ మట్టికి కట్టిన ఖరీదు ఒకచోట అంకెల్లో దొరుకుతుంది. కృష్ణా డెల్టా కాలువలకి దక్షిణాన పెదగంజాం నుంచి మద్రాసు దాటి వెళ్లే బకింగ్‌హాం కాలువలో కొంత భాగాన్ని 1876-78 మహా కరువులో కరువు పనుల కింద తవ్వించారు. ఆ కరువులో 1877లో రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి ఇది: రోజంతా పని చేసిన మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడవాళ్లకీ, పని చేసే పిల్లలకీ అంతకన్నా తక్కువ. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ పనులకి కుటుంబాలు కుటుంబాలే కదిలివెళ్లేవి. కాలువ గట్టుకి కుటుంబంతో సహా మొదట వెళ్లింది విహారానికి కాదు, అర కిలో కూడా లేని గింజల కోసం. 2006 నుంచి ఉపాధి హామీ పనులు నడిచిన ఏళ్లలో కాలువ పూడికలు తీసిన స్త్రీలకి మగవాళ్లతో సమానంగా కూలి రేటు కట్టడం మొదలైందంటే, ఆ ఒక్క మార్పుకి ఎంతకాలం పట్టిందో లెక్క వేసుకోవచ్చు.

తవ్విన తర్వాత కాలువతో స్త్రీలు ఎలా బతికారన్నది కాగితాల్లో లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాట స్త్రీల చేత మాట్లాడించి, చరిత్రని ఎక్కడ వెతకాలో మా తరానికి చూపించింది. నేనూ ఆ దారినే మా అమ్మమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడకి ఎనభై ఆరేళ్లు. డెబ్భై ఏళ్లుగా కోనసీమలో కాలువకి కూతవేటు దూరంలో ఉంటోంది.

"అమ్మమ్మా, నువ్వు పడవలో ఎప్పుడెక్కేదానివి?"

"పుట్టింటికెళ్లేటప్పుడు."

"ఉత్తినే, సరదాకి ఎప్పుడూ ఎక్కలేదా?"

"ఉత్తినే ఎవరెక్కుతారే! ఉత్తినే గట్టు మీద నించుంటేనే మా మావగారు 'ఎవరి కోసం?' అనేవారు."

సంక్రాంతికి, తొలి కాన్పుకి, తల్లికి జబ్బు చేసినప్పుడు, తమ్ముడి పెళ్లికి. తన పడవ ప్రయాణాలన్నీ ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ప్రతి ప్రయాణానికీ ఒక కారణం, ఒక అనుమతి, వెంట ఒక మగతోడు ఉన్నాయి. మూటల్లో పులిహోర, గారెలు, మరమరాలు. అవి కట్టినదీ ఆవిడే, పడవలో అందరికీ పంచినదీ ఆవిడే. గాలి లేనప్పుడు పడవ వాళ్లు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. లాకుల దగ్గర వంతు వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. మగవాళ్లు దిగి చుట్ట కాల్చుకునేవాళ్లు. ఆడవాళ్లు చీకటి పడేదాకా బిగబట్టుకుని కూర్చునేవాళ్లు. "పడవెక్కే రోజు పొద్దుటి నుంచీ మంచినీళ్లు తాగేవాళ్లం కాదు" అంది. చుట్టూ నీళ్లే ఉన్న ప్రయాణంలో దాహంతో కూర్చున్న ఆడవాళ్ల గురించి ఏ యాత్రా చరిత్రలోనూ నేను చదవలేదు.

ఇంత చెప్పాక ఆవిడ కాసేపు ఊరుకుంది. తర్వాత అడక్కుండానే ఇంకో మాట చెప్పింది. "రాత్రి అందరూ పడుకున్నాక నేను మేలుకునేదాన్ని. గడ నీళ్లల్లో పడ్డ చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు. అత్తోరిల్లు వెనకపడిపోయింది, పుట్టిల్లు ఇంకా రాలేదు. ఆ రాత్రి నాకెవ్వరూ పని చెప్పలేదే."

పరిశోధనలో తీరిక సమయం గురించి చాలా సిద్ధాంతాలు చదివాను. పని ముగిశాక మిగిలేది తీరిక అని వాటిలో చాలావాటి నిర్వచనం. ఇంటి పనికి ముగింపే లేని స్త్రీకి ఆ నిర్వచనం వర్తించదు. అమ్మమ్మకి తీరిక దొరికింది రెండిళ్ల మధ్య నీటి మీద. ఎవరి కోడలూ ఎవరి కూతురూ కాకుండా గడిచిన కొన్ని గంటలవి. డెబ్భై ఏళ్ల కాపురంలో అలాంటి రాత్రులు ఆవిడ లెక్కలో పదకొండు.

దీని పక్కన బారిష్టరు పార్వతీశాన్ని పెట్టి చూడండి. మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో మొదటి భాగం వెలువరించిన ఆ నవలలో మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, నరసాపురం నుంచి కాలువ ప్రయాణం చేసి, నిడదవోలులో రైలెక్కి, చివరికి ఇంగ్లండు చేరతాడు. మనం నవ్వుకుంటూ అతని వెంట వెళ్తాం. అదే కాలువ మీద అదే ఏళ్లలో ఒక అమ్మాయి చెప్పకుండా పడవెక్కితే అది హాస్య నవల అయ్యేది కాదు. ఊరు ఆ ప్రయాణానికి 'లేచిపోవడం' అని పేరు పెట్టేది. కాలువ ఇద్దరికీ ఒకటే. అది ఎక్కడికి తీసుకెళ్తుందన్నది మాత్రం ఎక్కినవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది.

పనీ కారణమూ లేకుండా స్త్రీలు కాలువకి వెళ్లడానికి ఊరు ఒప్పుకున్న సందర్భం ఒకటుంది. అది కార్తీక స్నానం. తెల్లవారుజామున చీకట్లో గుంపుగా రేవుకి వెళ్లి, మునిగి, అరటి దొప్పల్లో దీపాలు వదిలి రావడం. అందులో భక్తి ఎంతో, ఇల్లు దాటిన సంబరం ఎంతో విడదీసి చెప్పలేం. నెలంతా అయ్యాక మార్గశిర పాడ్యమి నాడు పోలిని స్వర్గానికి పంపుతారు. ఆ కథ మనలో చాలామందికి తెలిసిందే. ఒక అత్తకి చాలామంది కోడళ్లు. కార్తీకమంతా అత్త మిగతా కోడళ్లని వెంటబెట్టుకుని స్నానానికి వెళ్తుంది. చిన్నకోడలు పోలిని మాత్రం ఇంటి పనంతా అప్పజెప్పి వదిలేసి పోతుంది. దీపం పెట్టుకోవడానికి నూనె, వత్తి కూడా అందనివ్వదు. పోలి పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసుకుని, కవ్వానికి అంటిన వెన్న తీసి, ఇంట్లోనే దీపం వెలిగించి, ఎవరికీ కనపడకుండా బుట్ట బోర్లిస్తుంది. చివరికి స్వర్గం నుంచి విమానం పోలి కోసమే వస్తుంది. అత్త ఆమె కాళ్లు పట్టుకుని వేళ్లాడి కింద పడుతుంది.

చిన్నప్పుడు ఈ కథని భక్తి కథగా విన్నాను. ఎం.ఎ.లో ఉన్నప్పుడు దీన్ని పితృస్వామ్యం అల్లిన ఓదార్పుగా చదివాను. ఇంట్లో పడి ఉండు, నీకు స్వర్గం దొరుకుతుంది అని కోడళ్లకి నేర్పే కథ అని రాసుకున్నాను. అత్తాకోడళ్లని శత్రువులుగా నిలబెట్టి, ఇంటి పెత్తనం అసలు ఎవరి చేతిలో ఉందో దాచే కథ అనీ అనుకున్నాను. ఆ విమర్శలో తప్పేమీ లేదు. కానీ ఈ కథని ఎక్కడ నిలబడి చెప్పుకుంటారో నేను అప్పుడు పట్టించుకోలేదు. రేవులో, మోకాళ్ల లోతు నీళ్లలో, దొప్పల్ని వేళ్లతో ముందుకి తోస్తూ చెప్పుకుంటారు. అంటే కాలువకి రాగలిగిన ఆడవాళ్లందరూ చేరి, రాలేకపోయిన ఒక ఆడమనిషి పేరు తలుచుకుని దీపం వదులుతారు. ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఆగిపోబట్టే తాము ఇక్కడ నిలబడగలిగారని వాళ్లకి తెలుసు. ప్రతి ఇంట్లోనూ ఒక పోలి ఉంటుందనీ, ఏటా ఆ వంతు మారుతుందనీ తెలుసు. "నువ్వెప్పుడు పోలివయ్యావమ్మమ్మా?" అంటే ఆవిడ నవ్వింది. "పాలు తాగే పిల్ల ఉన్న ఏడల్లా" అంది.

రేవు స్త్రీల స్థలం అని మనం తరచుగా రాస్తాం. బట్టలుతుకుతూ, బిందెలు ముంచుతూ కష్టసుఖాలు కలబోసుకునే చోటు, మగవాళ్ల చెవిన పడని మాటలు పుట్టే చోటు అని. నేనూ అలాగే రాశాను. ఊరి పేటలో ఉండే ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నాక ఆ వాక్యం మళ్లీ రాయలేకపోయాను. ఆవిడ వయసులో మా అమ్మమ్మ ఈడు. నేను ఆవిడని 'పెద్దమ్మా' అన్నాను. ఆవిడ నన్ను 'అమ్మాయిగారూ' అంది. వద్దన్నాను. "అలవాటండి" అంది. ఎవరు ఏ రేవుకి వెళ్లేవారన్నది ఆ రెండు పిలుపుల్లోనే ఉంది.

"మీ రేవు పైనండి, మాది కింద" అంది పెద్దమ్మ. కాలువ నీళ్లకి ఒక దిక్కుంటుంది. కులం ఆ దిక్కుని వాడుకుంది. భూమి ఉన్న మా ఇళ్ల ఆడవాళ్లు ఎగువ రేవులో ఉతికిన మురికి, మా పశువులు కలిపిన బురద కిందికి పారి, పేట ఆడవాళ్ల బిందెల్లోకి చేరేది. వేసవిలో మరమ్మతులకి కాలువ కట్టేసినప్పుడు కష్టం ఇంకో రకంగా వచ్చేది. కట్టేసే ముందు కాలువ నీటితో ఊరి మంచినీళ్ల చెరువు నింపేవాళ్లు. ఆ చెరువు మెట్లు పేట ఆడవాళ్లవి కావు. గట్టు కింద నిలబడితే ఎవరైనా దయతలచి బిందెలో పోయాలి. "కాలవొదిలే దాకా రోజులు లెక్కెట్టుకునేవాళ్లమండి" అంది. మా అమ్మమ్మ పుట్టింటి రాత్రుల్ని లెక్కపెట్టుకున్నట్టే ఆవిడ కాలువ లేని పగళ్లని లెక్కపెట్టుకుంది.

నీళ్ల దగ్గర మొదలైన గొడవ ఎంతదాకా పోతుందో మన రాష్ట్రంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1985 జులైలో కారంచేడులో మాదిగపల్లె తాగునీటి చెరువుని పాడు చేస్తున్న భూస్వాముల కుర్రవాళ్లని అడ్డుకుని, దెబ్బ కాచుకోవడానికి బిందె ఎత్తింది మున్నంగి సువార్త అనే స్త్రీ. మర్నాటి దాడిలో ఆరుగురు దళితుల్ని చంపారు. 1991 ఆగస్టులో చుండూరులో చంపిన దళితుల శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. కాలువ గట్టు అనగానే మనలో కొందరికి వనభోజనాలు గుర్తొస్తే, ఇంకొందరికి గోనెసంచులు గుర్తొస్తాయి. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చిన తర్వాత కూడా మనం 'స్త్రీలు', 'రేవు' అని ఏకవచనంలో మాట్లాడితే అది తెలియక చేసిన పొరపాటు అనిపించుకోదు.

ఇప్పుడు కాలువ మీద పడవ ప్రయాణాలు దాదాపు పోయాయి. కాలువ 'చూడదగ్గ ప్రదేశం' అయింది. ఈ కొత్త కాలంలో స్త్రీల పేర్లు కాలువ మీద అసలు లేవా అంటే ఒకటి ఉంది. గన్నవరంలో పాత అక్విడెక్టు పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో చనిపోయిన ఆవిడ, లంకల గన్నవరంలో తన ఇంటికొచ్చిన బాటసారులకి వేళకాని వేళలో కూడా వండి పెట్టింది. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆవిడ పేరే పెట్టారు. ఒక స్త్రీ పేరు ఇంజనీరింగ్ కట్టడానికి పెట్టారంటే నాకు గర్వంగానే ఉంటుంది. అయితే ఆ గౌరవానికి దారి వంటింట్లోంచే పడిందన్నది మర్చిపోలేను. కాటన్ నీళ్లు పంచి దొర అయ్యాడు, సీతమ్మ అన్నం పంచి అమ్మ అయింది. దొరకి వేతనం ఉంది, సర్ బిరుదు ఉంది, పదవీ విరమణ ఉంది. అన్నపూర్ణకి పదవీ విరమణ ఉండదు. ఆవిడ ఎప్పుడైనా ఆ కాలువ గట్టున ఖాళీగా కూర్చుందా అని అడిగేవాళ్లు లేరు. ఆవిడ మహాత్యాగాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ త్యాగాన్ని పొగిడే నోటితోనే మన ఇళ్లలో ఆడవాళ్ల వంటని ఉచిత శ్రమగా మార్చుకుంటున్న తీరు గురించే నా పేచీ.

లొల్ల వెళ్లినవాళ్లు పూతరేకులు కొనకుండా తిరిగిరారు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క వేటున లాగి రేకు తీస్తారు. ఆ పొగలో, ఆ సెగలో గంటల తరబడి కూర్చునేది ఎక్కువగా స్త్రీలే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు సంపాదించిన సంఘం పేరులో ఉన్నది కూడా ఆర్థర్ కాటనే. రేకు తీసిన చేతికి ఇక్కడా పేరు లేదు.

ఇక వనభోజనాలు. ఇప్పుడు కార్తీకం ఆదివారాల్లో కాలువ గట్ల మీది తోటల్లో కుల సంఘాల వనసమారాధనలు జరుగుతుంటాయి. ఫలానా వారి వనభోజనాలు అని ఫ్లెక్సీలు కడతారు. కుటుంబ విహారం పెద్దదై కుల విహారం అయింది. మావి కుల సంఘం భోజనాలు కావు, కుటుంబ భోజనాలేనని నేను సర్దిచెప్పుకోబోయాను. కానీ ఆ ఇరవై నాలుగు మందిలో మా కులం కానివారు ఎవరని లెక్క చూస్తే ఒక్కరే తేలారు. గుండిగలు దించడానికి వెంట తెచ్చుకున్న పనమ్మాయి. ఆమె భోజనం చేసింది చివర్న, మా అమ్మతో పాటు. నా ఫోటోల్లో ఆమె ఒక్కదాంట్లోనూ లేదు. అమ్మ కనపడలేదని బాధపడిన నాకు, ఆమె లేదన్న సంగతి ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాకే తెలిసింది.

ఫిబ్రవరిలో ఒక రోజు అమ్మని నేనొక్కదాన్నే లొల్ల తీసుకెళ్లాను. వంట సామాను లేదు. టిఫిను డబ్బా కూడా లేదు. దారిలో హోటల్లో తిన్నాం. గట్టు మీద చెట్టు నీడలో కూర్చున్నాం. అమ్మకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కొంగు మడతలు పెట్టింది, విప్పింది. "ఉత్తినే కూర్చుంటే ఏదోలా ఉందే" అంది. నీళ్లు లాకుల్లోంచి దూకుతూనే ఉన్నాయి. కాసేపటికి తనే మాట మొదలుపెట్టింది. తన చిన్నప్పుడు పక్కింటి కోడలు ఒకామె కాలువలో పడిందట. రెండు రోజుల తర్వాత లాకుల దగ్గర తేలిందట. "ఏ లాకులో చెప్పలేదు మా అమ్మ. ఏ లాకు చూసినా నాకు అదే గుర్తొస్తుంది" అంది. ముప్పై ఏళ్లకి పైగా అమ్మ పక్కన పెరిగాను. ఈ సంగతి అంతకు ముందెన్నడూ వినలేదు. అడగడానికి మేమిద్దరం ఎప్పుడూ ఇలా కూర్చోలేదు.

ఒక గంట గడిచిందేమో, లాకుల దగ్గర పని చేసే ఒకతను మా వైపు వచ్చాడు. కొంచెం దూరంలో నిలబడి చూసి వెళ్లిపోయాడు. పది నిమిషాలకి మళ్లీ వచ్చాడు. ఈసారి దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "ఏమ్మా, ఎందుకిక్కడ కూర్చున్నారు? ఇంటి దగ్గర అంతా బాగానే ఉందా?"

అతని గొంతులో ఉన్నది పెత్తనం కాదు, భయం. మగవాళ్లు ఉదయం నుంచి సాయంత్రం దాకా అదే గట్టున కూర్చుంటే ఎవరూ అడగని ప్రశ్న అది. ఏ పనీ లేకుండా నీళ్ల పక్కన కూర్చున్న ఆడవాళ్లని చూస్తే అతనికి ఒకే ఒక్క కారణం తోచింది. ఆ లాకుల దగ్గర పని చేసినవాడికి అలా తోచడానికి ఏమేం చూసి ఉంటాడో నేను అడగలేకపోయాను. నేను జవాబు వెతుక్కుంటూ ఉంటే అమ్మే తలెత్తి చెప్పింది.

"ఏం లేదు బాబూ. ఉత్తినే వచ్చాం."

అతను నమ్మినట్టు లేదు. మేం లేచేదాకా కనుచూపు మేరలోనే తిరిగాడు. మేం మాత్రం పొద్దు వాలేదాకా లేవలేదు.